రాత్రివేళ కుక్కగూడు

కుక్కపిల్లను తెచ్చిన మొదటిరాత్రి దానిని కోళ్ళగంప క్రింద మూయుట మన పల్లెటూళ్ళలో ఎఱిగిన పనియే. గంప క్రింద గోనెపట్టా పఱచి, పైన రాయి పెట్టి, ఇంటివారు నిద్రకు పోవుదురు. పిల్ల తెల్లవార్లు కుయ్యో మొఱ్ఱో యని యేడ్చును. కొన్నాళ్ళకు గొంతు తగ్గును. తరువాత అరుగుమీదనో, వాకిట చెట్టుక్రిందనో తన చోటు తానే వెదకికొనును. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో మేడమీద మేడ కట్టిన యిండ్లలో కాపురముండువారికి అరుగు లేదు, వాకిలి లేదు. అందుచే గంపకు బదులు ఇనుపతీగల పెట్టె వచ్చినది. రాత్రివేళ కుక్కను దానిలో నుంచి గడియ వేయవచ్చునా, కూడదా యనునది నేటి ప్రసంగవిషయము.

ఈ పెట్టెను మనవారు బోను అనుచున్నారు. ఆ మాట నాకు రుచింపదు. బోనులో పులి పడును, ఎలుక పడును. న్యాయస్థానమున ముద్దాయి నిలుచునదియు బోనే. కుక్కపిల్ల పండుకొను చోటికి గూడు అను మాట తగియున్నది. అయితే పేరు మార్చినంతమాత్రమున ఇనుపతీగలు మెత్తబడవు. అదే పెట్టె ఒక యింట గూడగును, మఱియొక యింట చెఱయగును.

కుక్క తోడేలి సంతతి గనుక గుహలో నుండుట దానికి సహజమని, కావున పెట్టె దానికి ఇష్టమే యని చెప్పువారు కలరు. ఇందు సగమే సత్యము. తోడేళ్ళు పిల్లలను కని పెంచుటకే గుహ నాశ్రయించును. రెండు మూడు నెలలలో పిల్లలతోగూడ దానిని విడిచిపోవును. ఎదిగిన తోడేలు సాధారణముగా ఆరుబయటనే నిద్రించును. తలుపు మూసి గడియ వేసిన గుహను ఏ తోడేలును ఎఱుగదు. సత్యమైన సగము వేఱు. ఇంచుమించు మూడువారముల వయస్సు నుండి కుక్కపిల్ల తాను పండుకొను చోటు విడిచి, దూరముగా పోయి మూత్రము పోయ మొదలిడును. తన పక్కను పాడుచేసికొనుట దానికి ఇష్టములేదు. గూటివలని ప్రయోజనము చాలవఱకు ఈ స్వభావముమీదనే ఆధారపడియున్నది. గూడు మరీ విశాలమైనచో పిల్ల ఒక మూల పాడుచేసి వేఱొక మూల పండుకొనును. లేచి నిలువబడి, చుట్టు తిరిగి, కాళ్ళు చాచి పండుకొనుటకు చాలినంత యుండిన చాలును. పెద్దజాతి పిల్లయైనచో పెద్దపెట్టెయే కొని, నడుమ అడ్డుపలక పెట్టి, అది పెరిగినకొలది జరుపవచ్చును.

ఇక ఏడుపు సంగతి. మన దేశమున 2017 నాటి నిబంధనల ప్రకారము ఎనిమిదివారములు నిండని కుక్కపిల్లను అమ్మరాదు. నిండిన తరువాత తెచ్చినను, అంతవఱకు తల్లిపొట్ట నానుకొని, తోబుట్టువులమీద తల పెట్టి నిద్రించిన ప్రాణి అది. ఆ వెచ్చదనము, ఆ వాసన, ఆ యూపిరిచప్పుడు ఒక్కదినమున పోయినవి. చీకటి వంటయింటిలో ఇనుపపెట్టెలో కూర్చుండి అది యేడ్చుచున్నది. “ఏడువనిండు, పోయి చూచితిరా అలవాటగును” అని యిరుగుపొరుగువారు హితము చెప్పుదురు. ఈ హితమును నే నంగీకరింపను. రెండుగంట లేడ్చి ఊరకున్న పిల్ల బుద్ధి తెచ్చుకొని ఊరకున్నదని ఎట్లు చెప్పగలము? అలసి ఊరకున్నదేమో. అది నేర్చుకొన్న పాఠ మేదైన నున్నచో, ఎంత పిలిచినను ఎవరును రారనియే.

భయమునకు తోడు మూత్రబాధ కలదు. పిల్లవయస్సు ఎన్ని నెలలో ఆ లెక్కకు ఒకటి కలిపినచో, అది ఎన్నిగంటలు ఆపుకొనగలదో రమారమి తేలును. రెండునెలల పిల్లకు మూడుగంటలు. రాత్రి పదిగంటలకు గడియ వేసి ఉదయ మాఱుగంటలకు తీయువాడు దానిని ఎనిమిదిగంటలు బంధించినవాడగును. అది పక్కలోనే పోసికొని తడిలో పండుకొనును. కొన్నిరాత్రు లట్లు జరిగినచో, ఏ శుభ్రబుద్ధిని నమ్మి పెట్టె కొంటిమో ఆ బుద్ధియే నశించును. అటుపిమ్మట కుక్కను దండించువారు కలరు. అంతకన్న అన్యాయ ముండదు.

కావున మొదటివారములలో గూడు మీ మంచముప్రక్కనే, చేయి చాచిన అందునంత దగ్గఱ నుండవలెను. రాత్రి ఒంటిగంటకు ఒకమాఱు, నాలుగుగంటలకు ఒకమాఱు లేచి, పెద్దదీపము వెలిగింపక, ఆటలాడింపక, పని కానిచ్చి మరల పండుకొనబెట్టవలెను. టీకాలు పూర్తికాని పిల్లను వీథికుక్కలు తిరుగు చోట దింపరాదు. వసారాలో మట్టి పోసిన తట్ట యొకటి చాలును. నిద్ర చెడుట కష్టమే. ఆ కష్ట మోర్వలేనివారు పిల్లను గాక పెరిగిన కుక్కను తెచ్చుకొనుట మేలు.

గూటిని పగలే అలవాటు చేయవలెను. తలుపు బార్లా తీసి అన్నము లోపల పెట్టుడు. తిని వెలుపలికి రానిండు. కొన్నిదినముల తరువాత తినుచుండగా తలుపు చేరవేసి, తినగానే తీయుడు. అట్లు నిమిషములు పెంచుడు. తప్పు చేసినపుడు శిక్షగా దానిలోనికి ఎన్నడును త్రోయకుడు. గడియ వేయుటకు ముందు మెడపట్టీ విప్పుడు. తీగలకు చిక్కుకొని ఉరి పడవచ్చును.

చలిదేశములలో గూటిమీద మందపుదుప్పటి కప్పుదురు. రెంటచింతలలో, రామగుండములో వేసవిరాత్రి అట్లు చేసినచో అది గూడు కాదు, కొలిమి. మనవలె కుక్కకు ఒడలెల్ల చెమట పట్టదు. రొప్పుచు నాలుకనుండియు నోటినుండియు వేడిని పోగొట్టుకొనును. గాలి యాడనిచో రొప్పినను ఫలములేదు. ముక్కు అణగియుండు పగ్ జాతికి ఈ యపాయము మఱింత యెక్కువ. మంచినీళ్ళు అందుబాటులో నుండవలెను.

స్వీడనులో ఇంట కుక్కను ఇట్లు పెట్టెలో మూయుటకే చట్టము సమ్మతింపదు. ప్రయాణాదులకు మాత్రమే అనుమతి. మన 1960 నాటి జంతుహింసా నివారణచట్టము అంతదూరము పోలేదు గాని, కదలుటకు చాలని పెట్టెలో ఏ ప్రాణిని ఉంచినను నేరమే యన్నది. అలవాటుగా గొలుసున కట్టియో మూసియో యుంచు కుక్కను తగినంత తిప్పకుండుటయు నేరమన్నది. పగలెల్ల కార్యాలయమునకు పోయి కుక్కను మూసి, రాత్రియు మూయువారు ఈ రెండవమాట వినవలెను.

వీథినుండి తెచ్చిన పెద్దకుక్కలు కొన్ని మూసినతోడనే వెఱ్ఱెత్తినట్లు తీగలు కొఱకి పండ్లు విఱుగగొట్టుకొనును. వానికి గడియ వలదు. ఒక గది చాలును. ముసలికుక్కకు కీళ్ళు పట్టుకొనును. మాటిమాటికి లేచి చోటు మార్చుకొననీయవలెను.

దీపావళిరాత్రి మాత్రము అన్నికుక్కలకు ఒక్కటే మాట. టపాకాయల చప్పుడు మొదలు కాకముందే బయట తిప్పి తీసికొనిరండు. కిటికీలు మూసి, ఫంకా త్రిప్పి, గూటిలో మీరు కట్టి విడిచిన పాతబట్ట యొకటి వేయుడు. అది లోపల దూరిన దూరనిండు, మంచముక్రింద చేరిన చేరనిండు. తలుపు తెఱచియే యుంచుడు.