వాకిట్లోకి ఎంత కంకర పడుతుంది?

కంకర లెక్కలు ఆడవాళ్ళకెందుకండీ, మేస్త్రీ చూసుకోడూ అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

రెండేళ్ళ క్రితం శ్రావణమాసంలో అమలాపురంలో మా అత్తయ్యగారు నూతి దగ్గర పాకుడు మీద కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం. లేచి కర్ర పట్టుకున్న రోజున ఆవిడ అడిగిందొకటే: "నూతి దగ్గరకి మళ్ళీ నన్ను వెళ్ళనిస్తారుటే?" ఆ మాట విన్నాక దొడ్డంతా గట్టి చేయించాలని పట్టుబట్టాను.

మా కోనసీమ సంగతి మీకు తెలియనిది కాదు. అంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. వానాకాలం వాకిట్లో చెప్పు దిగబడితే చెప్పు అక్కడే, కాలు ఇక్కడ. గునపం ఎంత దింపినా రాయి తగలదు. కాటన్ దొరగారు 1847లో ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు ధవళేశ్వరంలో పక్కనే కొండ ఉంది, రాయి దొరికింది. మనకి ఆ భాగ్యం లేదు. గ్రావెలూ కంకరా రాజానగరం వైపు మెట్ట నుంచి లారీలెక్కి గోదావరి దాటి రావాలి. సరుకు ధర కంటే కిరాయే బరువు. తక్కువై మళ్ళీ తెప్పిస్తే అర ట్రక్కుకీ పూర్తి కిరాయే. ఎక్కువైతే ఆ గుట్ట మురుగు బోదెకి అడ్డం పడి కూర్చుంటుంది.

మేస్త్రీ వచ్చి కంటితో చూసి "మూడో నాలుగో ట్రక్కులు పడతాయండమ్మా" అన్నాడు. మూడుకీ నాలుగుకీ తేడా ఎంత డబ్బో ఆయనకేం! నేను టేపు తీశాను. దొడ్డి పొడవు 30 అడుగులు, వెడల్పు 22. గుణిస్తే 660 చదరపు అడుగులు. మధ్యలో రెండు కొబ్బరిచెట్లున్నాయి. మొదలు దాకా కంకర పోస్తే చెట్టుకి నీరూ ఎరువూ వేసేదెక్కడ? మొదలు నుంచి ఐదడుగుల దూరం చుట్టూ పాదు వదిలేశాం. గుండ్రటి జాగాకి, ఐదుని ఐదుతో గుణించి ఆ వచ్చినదాన్ని 3.14తో గుణించండి, పాదుకి 78 చిల్లర. రెండూ తీసేస్తే ఇంచుమించు 500 మిగిలింది.

ఇక మందం. అడుగున ఎర్ర గ్రావెల్ నాలుగంగుళాలు, పైన సన్న చిప్స్ రెండంగుళాలు అనుకున్నాం. నల్లటి బంకమట్టి మీద నేరుగా చిప్స్ పోస్తే రెండు వానలకి మట్టి మింగేస్తుంది, అందుకని గ్రావెల్. ట్రాక్టరు వాళ్ళు అమ్మేది యూనిట్ల లెక్కన. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు. దీనికి మా అమ్మాయి ఓ చిట్కా చెప్పింది: 1200ని అంగుళాలతో భాగించండి, ఒక యూనిట్ ఎన్ని చదరపు అడుగులకి వస్తుందో తేలుతుంది. నాలుగంగుళాలకి 300, రెండంగుళాలకి 600. నా 500కి నాలుగంగుళాల గ్రావెల్ అంటే 167 ఘనపుటడుగులు.

అక్కడితో ఆగితే దెబ్బతింటాం. డబ్బా నిండా పోసిన అటుకులు రెండుసార్లు తడితే కిందికి దిగవూ? గ్రావెలూ అంతే. తడిపి దిమ్మిస కొట్టిస్తే అణిగిపోతుంది. అందుకని పావు వంతు కలిపాను, 208 వచ్చింది. రెండు ట్రక్కులు చెప్పాను.

రెండూ పరిచేసరికి నూతి వైపు మూల బోసిగా మిగిలింది! సరిగ్గా ఆవిడ పడ్డ మూల. లెక్క తప్పానేమోనని రాత్రంతా నిద్ర లేదు. మూడో ట్రక్కు రాగానే దాన్నే కొలిచాను. లోపల పొడవు 10, వెడల్పు 6, సరుకు ఎత్తు అడుగుంబావు. మొత్తం 75. "వంద అడుగులేనండి అమ్మగారూ, అందరికీ ఇంతే తోల్తాం" అన్నాడు ట్రాక్టరతను. దారి కుదుపులకి సరుకు కొంత దిగుతుంది, నిజమే, కానీ పాతిక అడుగులు దిగదు కదండీ. ఆ రోజు నుంచి దించకముందే కొలుస్తున్నాను. కాటా మీద తూచి ఇచ్చేవాళ్ళయితే గుర్తుంచుకోండి: పొడి చిప్స్ యూనిట్ నాలుగు టన్నుల పైచిలుకు తూగుతుంది.

చిప్స్ విషయంలో తప్పు మాత్రం నాదే. రెండంగుళాల మందాన పరిపించాను. చూడ్డానికి పట్నంలో పార్కులా ఉంది. అత్తయ్యగారు అడుగు పెట్టగానే కర్ర కసుక్కున దిగబడింది. నడిచేచోట అంగుళం చాలునట, అదీ కాస్త రాతిపొడి కలిపి తడిపి దిమ్మిస కొట్టిస్తేనే. సగానికి సగం గీకించి గుట్ట వేయించాను. గుమ్మం కంటే దొడ్డి ఎత్తు కాకుండా, పదడుగులకి ఓ అంగుళం చొప్పున బోదె వైపు వాలు ఉండేట్టు మళ్ళీ సర్దించాం.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కర్రతో నూతి దాకా వెళ్ళి, చేద మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి నాకేసి చూశారు. ఏమీ అనలేదు.

మిగిలిన చిప్స్ గుట్టని పక్కింటి పిన్నిగారు సగం ధరకి తీసుకున్నారు, పశువులపాకలోకి. దాంతోపాటు నా టేపు కూడా పట్టుకెళ్ళారు. ఇంకా తిరిగి రాలేదు.