అమ్మ ఎదే బిడ్డకు పొదుగు



బయ్యారం మండలంలో ఒక పల్లె అనుకోండి. అందులో ఒక కూలి తల్లి. ఆమెకు ఏడు నెలలు నిండాయి. అయినా మిర్చి ఏరడానికి పోతూనే ఉంది. ఏరే రోజులు పోతే మళ్లీ ఏడాది దాకా ఆ కూలి రాదు. ఒకనాడు చేలోనే నొప్పులు మొదలయ్యాయి. 108 బండి వచ్చింది. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తూకం వేస్తే కిలోన్నర.

అత్త చూసింది. "ఇది బిడ్డా, పిట్ట పిల్లా? ఇది బతుకుద్దా?" అంది.

బతుకుతుంది. కానీ ఒక్క తల్లి చేతుల మీదుగా కాదు. ఇంటిల్లిపాదీ చేయి వేస్తేనే.

బిడ్డ ఎందుకు చల్లబడుతుంది?

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. రెండున్నర కిలోల కంటే తక్కువ ఉంటే తక్కువ బరువు బిడ్డ అంటారు. ఇట్లాంటి బిడ్డ ఒంట్లో కొవ్వు తక్కువ. చర్మం పల్చన. ఒంటి వేడి తొందరగా పోతుంది. చల్లబడితే పాలు తాగదు. పాలు తాగకపోతే ఇంకా నీరసిస్తుంది. జబ్బులు తగులుకుంటాయి.

కొందరు మంచం కింద కుంపటి పెడతారు. సాంబ్రాణి పొగ వేస్తారు. పొగ పసిబిడ్డ ఊపిరికి చెరుపు. నిప్పు ప్రమాదం. బిడ్డకు కావలసిన వేడి తల్లి ఒంట్లోనే ఉంది.

ఈ పద్ధతి ఎట్లా వచ్చింది?

కొలంబియా అనే దేశం ఉంది. దాని రాజధాని బొగోటా. 1978లో అక్కడి ఆసుపత్రిలో బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలలేదు. ఒక్క పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పడుకోబెట్టేవాళ్లు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకునేది. అప్పుడు డాక్టర్ ఎడ్గార్ రే ఒక ఆలోచన చేశాడు. బిడ్డను తల్లి ఎదకు ఆనించి కట్టమన్నాడు. డాక్టర్ హెక్టర్ మార్టినెజ్ ఆ పనిని ముందుకు నడిపాడు. కంగారూ అనే జంతువు పిల్లను పొట్ట సంచిలో పెట్టుకొని పెంచుతుంది. అందుకే దీనికి కంగారూ తల్లి సంరక్షణ అని పేరు వచ్చింది.

ఇది పేదల వైద్యం, పెట్టె దొరకనివాళ్లకే అనుకోకండి. భారతదేశంలోనూ, ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లోనూ కలిపి ఐదు ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించారు. ఆ ఫలితం 2021లో వచ్చింది. పుట్టిన వెంటనే ఎద మీద వేసుకున్న బిడ్డల్లో నూటికి 12 మంది చనిపోయారు. మొదట పెట్టెలో ఉంచిన బిడ్డల్లో నూటికి సుమారు 16 మంది చనిపోయారు. అంటే నూరు మందిలో నలుగురు బిడ్డలు అదనంగా దక్కారు. అందుకే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, వీలైనంత వరకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెట్టమని చెప్పింది.

ఎట్లా చేయాలి?

బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటి ఉంచండి. మిగతా బట్టలు తీయండి. తల్లి రవిక ముందు వైపు విప్పుకోవాలి. బిడ్డను రొమ్ముల నడుమ నిలువుగా ఆనించండి. కాళ్లు కప్ప కాళ్లలాగా మడవాలి. తల ఒక పక్కకు తిప్పాలి. ముక్కు మూసుకుపోకుండా చూడాలి. మెత్తని గుడ్డతో చుట్టి కట్టండి. తల్లి వెనక్కి వాలి కూర్చోవచ్చు.

ఒక్కసారి వేసుకుంటే గంటకు తక్కువ కాకుండా ఉంచాలి. రోజుకు కనీసం 8 గంటలు. ఎంత ఎక్కువైతే అంత మంచిది. తల్లి పాలే పట్టాలి. చప్పరించే బలం లేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. తేనె, చక్కెర నీళ్లు వద్దు.

పైసలు పడవు, పొద్దు పడుతుంది

ఈ పద్ధతికి మందు కొనే పని లేదు. మరి అందరూ ఎందుకు చేయరు?

ఆ కూలి తల్లినే చూడండి. నాలుగో రోజుకే "ఇంటికి పోతా" అని ఏడ్చింది. ఇంటి దగ్గర మూడేళ్ల కొడుకు ఉన్నాడు. వంట చేసేవాళ్లు లేరు. భర్త ఆసుపత్రి దగ్గర ఉంటే అతని కూలి పోతుంది. బిడ్డను ఎనిమిది గంటలు ఎద మీద ఉంచుకుంటే నీళ్లు ఎవరు తేవాలి? గిన్నెలు ఎవరు తోమాలి?

పురుడు వెళ్లేదాకా ఎవరూ ముట్టవద్దని అత్త పట్టు. "మగోడు బిడ్డను రొమ్ముకు కట్టుకుంటడా? నలుగురు నవ్వరా?" అని భర్త సిగ్గు. "ఆడపిల్లకు ఇంత సేవ ఎందుకు?" అని ఇంకొకరి మాట. తల్లికి చేతకాక కాదు, తీరిక ఇచ్చేవాళ్లు లేక బిడ్డలు పోతున్నారు.

నర్సమ్మ అత్తను పిలిచింది. "నీ మనుమరాలిని నువ్వే కాసేపు వేసుకో" అంది. అత్త భయపడింది. చేతులు కడుక్కుంది. బిడ్డను ఎదకు ఆనించుకుంది. కాసేపటికి బిడ్డ వెచ్చబడి నిద్రపోయింది. అత్త కదలకుండా కూర్చుంది. "దీని గుండె నాకు తెలుస్తాంది" అంది. మర్నాడు భర్త కూడా వేసుకున్నాడు. తల్లి ఆ పూట కడుపు నిండా తిని నిద్రపోయింది.

ఎవరి ఎద అయినా వెచ్చనే. తండ్రి, అమ్మమ్మ, నానమ్మ, మేనత్త, ఎవరైనా వేసుకోవచ్చు. దగ్గు, జలుబు, జ్వరం, చర్మ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం వద్దు.

అడిగి తీసుకోండి

2011 నుంచి సర్కారు ఆసుపత్రిలో కాన్పు ఉచితం. జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం, మందులు, బండి కూడా ఉచితం. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు ఒక పూట నిండు భోజనం ఉంది. ఇంటికి వచ్చాక ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను చూస్తుంది. ఆమె ముందే తూకం వేయించండి. ఇంట్లో కూడా ఎద మీద వేసుకోవడం మానకండి. బరువు రెండున్నర కిలోలకు చేరాక బిడ్డే కాళ్లు తన్ని దిగుతానంటుంది. అప్పుడు ఆపవచ్చు.

బిడ్డ పాలు తాగకపోయినా, చల్లబడినా, ఎగశ్వాస వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆలస్యం చేయకండి. ఎదకు ఆనించుకునే ఆసుపత్రికి తీసుకుపోండి.

సంఘం అక్కలారా! బయ్యారం పెద్ద చెరువును కట్టించింది ఒక ఆడబిడ్డ. ఆమె కాకతి గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ. కట్టించింది ఒక్కరే అయినా మట్టి మోసిన తట్టలు ఎన్నో. బిడ్డ బతుకూ అంతే. వాడలో ఇట్లాంటి బాలింత ఉంటే ఒకరు రెండు బిందెల నీళ్లు పోయండి. ఒకరు పెద్ద పిల్లవాడికి అన్నం పెట్టండి. ఆ పూట ఆ తల్లి బిడ్డను ఎద మీద నుంచి దించకుండా ఉంటుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ వాడలో నెలలు నిండని బిడ్డ పుడితే మొదట ఎవరు సాయం వస్తారు?
2. తండ్రి బిడ్డను ఎదకు కట్టుకుంటే తప్పేముంది?
3. బాలింత కూలి పోగొట్టుకున్న రోజుల్లో ఆ ఇంటికి సంఘం ఏం చేయగలదు?