అపరిచిత ఫైలు - అప్రమత్తత - బాధ్యత
(సమాఖ్య కార్యకర్తల శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల ప్రవేశాన్ని గురించి మన ఉద్యమంలో సుదీర్ఘమైన చర్చ జరిగింది. 1960 దశకంలో జీవిత బీమా ఉద్యోగులు కలకత్తాలో ప్రతిఘటించారు. 1983లో బ్యాంకు ఉద్యోగుల సంఘాలు యాంత్రీకరణపై ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఉద్యోగాలు ఉంటాయా, పోతాయా అన్నది అప్పటి ప్రశ్న. ఆ ప్రశ్న నేటికీ సమసిపోలేదు. దానికి తోడు మరొకటి వచ్చి చేరింది: యంత్రంలోకి చొరబడిన ఒక అపరిచిత ఫైలు వల్ల నష్టం వాటిల్లితే, శిక్ష ఎవరికి?

మేము స్వయంగా వాదించిన ఒక వ్యవహారం చెబుతాము. ఒక కార్యాలయంలో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేస్తున్న డేటా ఎంట్రీ ఉద్యోగిని, బిల్లు అన్న పేరుతో వచ్చిన ఫైలును తెరిచింది. మరునాటి ఉదయానికి రికార్డులన్నిటికీ తాళం పడింది. యాజమాన్యం ఆమెకు మెమో ఇచ్చి పనిలోనుంచి నిలిపివేసింది. విచారణలో మేము మూడే ప్రశ్నలు వేశాము. ఇటువంటి ఫైలును ఎలా పరీక్షించాలో ఆమెకు నేర్పినవారెవరు? అనుమానం వస్తే ఎవరికి చెప్పాలో లిఖితపూర్వకమైన ఉత్తర్వు ఉన్నదా? రికార్డుల నకళ్లు వేరొక చోట భద్రపరచారా? మూడింటికీ యాజమాన్యం మౌనమే వహించింది. ఆమెను తిరిగి పనిలోకి తీసుకున్నారు. పోయిన మూడు వారాల వేతనం మాత్రం రాలేదు.

ఈ బెడద కొత్తది కాదు. 1986లో లాహోరులో ఇద్దరు సోదరులు తయారుచేసిన 'బ్రెయిన్' అనే వైరస్ ఫ్లాపీల ద్వారా దేశదేశాలకు పాకింది. 2000 మే నెలలో ఫిలిప్పైన్స్ నుండి బయలుదేరిన 'ఐ లవ్ యూ' అనేది ప్రేమలేఖ వేషంలో వచ్చింది. దాని పేరులో ముందు 'టీఎక్స్‌టీ' అని, ఆ వెనుక 'వీబీఎస్' అని ఉన్నది. విండోస్ చివరి అక్షరాలను దాచివేయడం వల్ల చదివేవారు దానిని మామూలు పాఠమనుకొని తెరిచారు. ఆ ఎత్తు నేటికీ పనిచేస్తూనే ఉన్నది.

కనుక అపరిచిత ప్రోగ్రాం ఫైలు ఎదురైనప్పుడు, తెరవడానికి ముందే వరుసగా పరీక్షించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, రాక. మనం అడిగామా? పంపినవారు నిజంగా వారేనా? వచ్చిన సందేశంలోని నెంబరుకు కాదు, మనకు ముందే తెలిసిన నెంబరుకు ఫోను చేసి అడగాలి.

రెండవది, పేరు. ఫైలు పేరు చివరి అక్షరాలు పూర్తిగా కనిపించేలా అమర్చుకోవాలి. ఈఎక్స్ఈ, ఎంఎస్ఐ, ఎస్‌సీఆర్, బ్యాట్, వీబీఎస్ అన్నవి పత్రాలు కావు, పనిచేసే ప్రోగ్రాములు. ఫోనులో ఏపీకే అటువంటిదే. వాట్సాప్‌లో పెండ్లి శుభలేఖ అనో, వాహన చలానా అనో ఏపీకే వస్తే, అది శుభలేఖా కాదు, చలానా కాదు.

మూడవది, చోటు. 'ఎస్‌వీసీహోస్ట్' విండోస్‌కు చెందిన అసలైన ప్రోగ్రామే. దాని నివాసం 'సిస్టం 32' ఫోల్డరు. అదే పేరుగల ఫైలు డౌన్‌లోడ్ల ఫోల్డరులో కనిపిస్తే అనుమానించవలసిందే.

నాలుగవది, సంతకం. ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం ఎవరిదో, చెల్లుబాటవుతున్నదో లేదో చూడాలి. ఐదవది, వేలిముద్ర. ఎస్‌హెచ్ఏ-256 పద్ధతిలో ప్రతి ఫైలుకూ 64 అక్షరాల గుర్తు వస్తుంది. తయారీదారు ప్రకటించిన గుర్తుతో అది అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఆరవది, పలువురి సాక్ష్యం. వైరస్‌టోటల్ వంటి సేవలో ఆ వేలిముద్రను వెతికితే అనేక వైరస్ నిరోధకాల అభిప్రాయం ఒకేచోట దొరుకుతుంది. కార్యాలయ పత్రాలను మాత్రం అందులోకి ఎక్కించరాదు. ఎక్కించినది ఇతరుల చేతికి పోగలదు.

అయితే ఇవన్నీ చేసినా పూర్తి హామీ లేదు. కొత్తగా పుట్టిన వైరస్‌ను ఏ నిరోధకమూ గుర్తించకపోవచ్చు. 2017లో 'సీక్లీనర్' ప్రోగ్రాంలోకి దుండగులు చొరబడినప్పుడు, ఆ చెడిన ఫైలుకు అసలైన సంతకమే ఉన్నది. అదే సంవత్సరం జూన్‌లో 'నాట్‌పెట్యా' ఉక్రెయిన్‌లోని ఒక లెక్కల ప్రోగ్రాం నవీకరణ ద్వారానే వ్యాపించింది. దాని దెబ్బకు ముంబయి వద్ద జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఒక టెర్మినల్ పని స్తంభించింది. అక్కడ ఏ రేవు కార్మికుడు తప్పు చేశాడు? అంతకు ముందు నెల 'వాన్నాక్రై' ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే యంత్రం నుండి యంత్రానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. దానిని అడ్డుకునే దిద్దుబాటును మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. దానిని యంత్రాలలో అమర్చడం గుమాస్తా పని కాదు, నిర్వహణ పని.

పొరపాటున తెరవడమే జరిగితే, వెంటనే నెట్‌వర్క్ తీగ ఊడదీయాలి, వైఫై ఆపాలి, పైవారికి చెప్పాలి. డబ్బు పోతే 1930 నెంబరుకు ఆలస్యం లేకుండా ఫోను చేయాలి. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం, ఇటువంటి సంఘటనలను సంస్థ తెలుసుకున్న 6 గంటలలోగా నివేదించాలి. చెబితే ఉద్యోగం పోతుందని భయపడే ఉద్యోగి 6 గంటలలో చెబుతాడా? భయం ఉన్నచోట దాపరికం ఉంటుంది. దాపరికం ఉన్నచోట నష్టం పెరుగుతుంది.

అందువల్ల మన కోర్కెలు స్పష్టమైనవి. పనివేళలలోనే, వేతనంతో, కాంట్రాక్టు సిబ్బందితో సహా అందరికీ శిక్షణ ఇవ్వాలి. అనుమానాస్పద ఫైలును ఎవరికి అప్పగించాలో లిఖితపూర్వకంగా తెలపాలి. రికార్డుల నకళ్లను నెట్‌వర్క్‌కు దూరంగా ఉంచాలి. నిజాయితీగా చెప్పినవారిపై చర్య ఉండరాదు.

మన బాధ్యతను కూడా మరువరాదు. పరీక్షించే అలవాటు చేసుకున్న సభ్యుని తరఫున వాదించడం సంఘానికి సులువు. మీరు మీ శాఖలకు తిరిగి వెళ్లిన వెంటనే ఒక సమావేశం జరిపి, ఈ ఆరు పరీక్షలను ఒక కాగితంపై వ్రాసి, ప్రతి కంప్యూటరు పక్కనా అంటించండి. మెమో వచ్చిన తరువాత మేము చేసే వాదన కన్నా, ఫైలు తెరవకముందు ఆ కాగితం చేసే మేలు ఎక్కువ.