ఎదగని అబ్బాయిలు – జింకు చెప్పిన సంగతి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బీహారులోని బక్సర్‌లో పుట్టిన డాక్టరు ఆనంద ప్రసాద్ 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌కు వెళ్ళారు. అక్కడ 21 ఏళ్ళ యువకుడొకడు ఆయన వద్దకు వచ్చాడు. చూపుకు పదేళ్ళ పిల్లవాడే! యుక్తవయసు చిహ్నాలేవీ లేవు. రొట్టెలే తిండి, మాంసం దాదాపు లేదు, పైగా మట్టి తినే అలవాటు. పులియని రొట్టెలోని ఫైటేటు అనే పదార్థం జింకును ఒంటికి పట్టనివ్వదు. జింకు కొరతే కారణం కావచ్చునని ప్రసాద్‌గారు ఊహించి, ఈజిప్టులో పరీక్షించి 1963లో నిరూపించారు. జింకు ఇస్తే కుర్రవాళ్ళు ఎదిగారు. తిండిలో జింకు తగ్గిస్తే మగవారి వీర్యకణాలు తగ్గుతాయనీ, మళ్ళీ ఇస్తే కోలుకుంటాయనీ తరువాతి పరిశోధనల్లో తేలింది. ఆయన 2022లో కన్నుమూశారు.

మన అరకు కొండల్లో చోళ్ళు, సామలు తింటాం. వాటిలోనూ ఫైటేటు ఉంది. కాని చోడి పిండిని రాత్రి నానబెట్టి పులియనిచ్చి కాచిన అంబలిలో అది తగ్గుతుంది. ఆ పద్ధతి మానకండి. పప్పు, గుడ్డు, మాంసం కూడా పిల్లల కంచంలో పడాలి.

ఇంకొక్క మాట. సంతానం లేకపోతే నింద కోడలి మీదనే వేస్తాం. లోపం మగవానిలోనూ ఉండవచ్చు. పరీక్ష ఇద్దరికీ చేయించాలి. పద్నాలుగేళ్ళు నిండినా ఎదుగుదల మొదలుకాని అబ్బాయిని సిగ్గుపడి దాచకండి, డాక్టరుకు చూపండి. కారణాలు చాలా ఉంటాయి. జింకు బిళ్ళలు మాత్రం సొంతంగా మింగవద్దు. మితిమీరితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత వస్తుంది. ఇది చూపించిందీ ప్రసాద్‌గారే.