పెంపుడు పిల్లులు – కరోనా వ్యాధి

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పిల్లల చదువును గూర్చి మాటలాడవలసిన వేదికపై పిల్లుల రోగమును గూర్చి మాటలాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని మన అత్తిబెలెలో పిల్లి తిరుగని వీధి లేదు. దానిని చంకనెత్తుకొనని పసివాడును అరుదు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాపించినపుడు, పిల్లికిని ఆ రోగము వచ్చునట యను మాట చెవిని పడినంతనే పలుచోట్ల పెంపుడు జంతువులను వీధిపాలు చేసినారు. ఆ భయములో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయినవి. వానిని విడదీసి చెప్పుటకే నేనీ విషయమును ఎన్నుకొంటిని.

మొదటిది మనుష్యుల కరోనా. ఇది పిల్లిజాతికి సోకుననుటకు మన తెలుగునాటనే నిదర్శనము గలదు. 2021 మే నెలలో హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని 8 ఆసియా సింహములకు ఈ వైరసు సోకినట్లు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. ముక్కు కారుట, దగ్గు, ఆహారమునందు అయిష్టత కనబడినవి. పిదప అవి కోలుకొన్నవి. మరుసటి నెలలో చెన్నై సమీపమున వండలూరులో మాత్రము రోగము సోకిన సింహములలో రెండు మరణించినవి. ఇండ్లలోని పిల్లులకు ఇది సాధారణముగా స్వల్పముగా వచ్చి పోవును. అదియు చాలవఱకు మననుండియే. థాయిలాండులో 2021లో ఒక పిల్లి తుమ్మగా దానిని పరీక్షించుచున్న పశువైద్యురాలికి రోగము సోకిన ఉదంతము గలదు గాని, అట్టివి మిక్కిలి అరుదు. కావున చేయవలసినది పిల్లిని వెడలగొట్టుట కాదు. జబ్బుపడిన మనిషియే దానిని ముద్దాడక, ప్రక్కలో పరుండబెట్టుకొనక కొన్నాళ్లు ఎడముగా నుండవలెను. రోగము తెచ్చినది మనము, శిక్ష దానికా?

రెండవది పిల్లుల సొంత కరోనా. ఇది వేఱొక వైరసు, మనుష్యులకు అంటదు. మలము ద్వారా ఒక పిల్లినుండి మఱియొక పిల్లికి వ్యాపించును. అనేక పిల్లులు ఒకే మట్టితొట్టిని వాడుకొను ఇండ్లలో ఇది సోకని పిల్లి దొరకుట కష్టము. సోకినను, కొలదిదినములు విరేచనములగుట తప్ప పెక్కింటికి ఏమియు కాదు. అయితే నూటికి అయిదు పది పిల్లులలో ఆ వైరసు ఒడలిలోనే మార్పుచెంది, రోగములతో పోరాడవలసిన రక్తకణములలోనికే చొచ్చి, రక్తనాళములను వాపునొందించును. అపుడు కడుపులో నీరు చేరును. లేదా నీరు చేరకయే కన్ను మసకబారుట, నడక తూలుట, చిక్కిపోవుట సంభవించును. ఏ మందుకును తగ్గని జ్వరము దీని ముఖ్యలక్షణము. రెండేండ్లలోపు పిల్లలకే ఎక్కువగా వచ్చును. దీనిని ఎఫ్.ఐ.పి. యందురు. అమెరికాలో జీన్ హోల్జ్‌వర్త్ అను పశువైద్యురాలు 1963లోనే దీనిని వర్ణించెను. అది మొదలు అర్ధశతాబ్దమునకు పైగా ఈ మాట పిల్లి పాలిట మరణశాసనమే అయి యుండెను.

ఇపుడట్లు కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నీల్స్ పెడర్సన్ బృందము జీఎస్-441524 అను మందును 31 పిల్లులకు ఇచ్చి 2019లో ఫలితములు ప్రకటించెను. 26 పిల్లులు 12 వారముల చికిత్సను పూర్తిచేసినవి. వానిలో 25 దీర్ఘకాలము బ్రతికినవి. మన హైదరాబాదులో హెటెరో సంస్థ 2020లో తయారుచేసిన రెమ్‌డెసివిర్ మీకు జ్ఞాపకముండును. ఆ మందు శరీరములో మారి ఏర్పడు పదార్థమే ఈ జీఎస్-441524. 2023లో సైప్రసు ద్వీపమున పిల్లుల కరోనా ఒక క్రొత్తరూపమున ప్రబలి, పిల్లినుండి పిల్లికి నేరుగ ప్రాకినపుడు, అచటి ప్రభుత్వము మనుష్యులకై నిలువచేసిన కరోనా మాత్రలను పిల్లులకు ఇయ్య ననుమతించెను. పిల్లికి బిచ్చము పెట్టనివాడని మనము లోభిని నిందింతుము. ఆ దేశము మందునే పెట్టినది.

ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. రక్తపరీక్షలో కరోనా ప్రతిరక్షకములు కనబడినంతమాత్రమున ఎఫ్.ఐ.పి. యని తీర్పు చెప్పరాదు. ఆ పిల్లికి ఎపుడో వైరసు సోకినదనియే దాని యర్థము. ఆ కాగితమును చూచి పిల్లికి ప్రాణాంతకమగు సూది వేయింప నుద్యుక్తులగువారున్నారు. కడుపులోని నీటిని పరీక్షింపక, వైద్యుడు అన్ని లక్షణములను కలిపి చూడక ఆ మాట అనుకొనరాదు. మందు 84 దినములు విడువక ఇయ్యవలెను, ఖర్చు తక్కువ కాదు. ఆరంభముననే హెబ్బాళములోని పశువైద్య కళాశాల ఆసుపత్రికైనను, దగ్గఱి పశువైద్యునియొద్దకైనను తీసికొనిపోయినచో ఆశ యెక్కువ.

2023లో మనకు చేరువనున్న బన్నేరుఘట్టలో 7 చిరుతపులి కూనలు మరణించినవి. కొందఱు దానిని కూడ కరోనాయే యనుకొనుట వింటిని. అది కరోనా కాదు, పాన్‌ల్యూకోపీనియా యను వేఱు వైరసు. దానికి టీకా గలదు. మీ పిల్లికి ఆ టీకా తప్పక వేయింపుడు.

ఇక ఇంటిపని. మట్టితొట్టిని ప్రతిదినము శుభ్రము చేయవలెను, దానిని అన్నపుగిన్నెకు దూరముగ నుంచవలెను. ఎండినచోట ఈ వైరసు కొన్ని వారములు నిలువగలదు గాని, సబ్బునకును, బ్లీచింగు నీటికిని నశించును. ఇంటిలో పిల్లులు ఎంత తక్కువగా నుండిన అంత మేలు. తొట్టి శుభ్రముచేయు పని పసివాండ్రకు అప్పగింపకుడు. పెద్దవారే చేసి చేతులు కడుగుకొనుడు.