నొప్పి పోయింది కదా అని ఊరుకోకండి
(సొసైటీ వార్షిక సభలో ఒక దంతవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



చదువులు, ఉద్యోగాలు, పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద పంటి సంగతి ఏమిటని మీలో కొందరు అనుకోవచ్చు. అందరికీ వచ్చేదీ, ఎవరూ లెక్కచేయనిదీ అయిన ఒక జబ్బు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అది పంటి వేరు దగ్గర పట్టే చీముగడ్డ.

మా వీధిలో ఒక చాచా ఉన్నారు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఒక నికా విందులో నా పక్కన కూర్చుని, "డాక్టర్ సాబ్, కింది దవడ పన్ను రెండు వారాలు నిద్రపోనివ్వలేదు. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేసుకున్నాను. ఇప్పుడు పూర్తిగా పోయింది" అన్నారు. "ఒకసారి వచ్చి చూపించుకోండి చాచా" అన్నాను. ఆయన రాలేదు. నేను మళ్ళీ అడగలేదు.

నాలుగు నెలల తరువాత ఒక తెల్లవారుజామున ఆయన కొడుకు మా తలుపు కొట్టాడు. వెళ్ళి చూద్దును కదా, దవడ కింద రెండువైపులా చెక్కలా గట్టి వాపు. నాలుక పైకి లేచిపోయింది. ఉమ్మి మింగలేకపోతున్నారు, మాట రావడం లేదు. వెంటనే కె.జి.హెచ్.కు తీసుకువెళ్ళాము. అక్కడ ఊపిరి ఆడడానికి గొట్టం వేసి, దవడ కింద కోసి చీము తీసి, ఆ పన్ను పీకేశారు. అల్లా దయవల్ల ఆయన బతికారు. ఆయనకు షుగరు ఉన్నట్టు కూడా అప్పుడే తెలిసింది. ఆనాటి నుంచి ఎవరైనా "నొప్పి దానంతటదే పోయింది" అంటే నాకు భయం వేస్తుంది.

ఎందుకంటారా? పంటి పైన గట్టి పెంకు, లోపల నరం, రక్తనాళాలు ఉంటాయి. మనం తినే తీపిని నోటిలోని సూక్ష్మజీవులు పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. ఆ ఆమ్లం పెంకును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పెద్దవాళ్ళు చెప్పే పంటి పురుగు అంటూ ఏదీ లేదు. పుచ్చు నరాన్ని చేరినప్పుడు భరించలేని పోటు వస్తుంది. కొన్నాళ్ళకు ఆ నరం చచ్చిపోతుంది. నొప్పీ ఆగిపోతుంది. మనం నయమైందనుకుంటాము. జబ్బు మాత్రం వేరు చివరి నుంచి ఎముకలోకి దిగి చీము పడుతుంది. చిగురు మీద చిన్న పొక్కు లేచి చితికి, మళ్ళీ లేస్తూ ఉంటే లోపల చీము ఉన్నట్టే.

చాచాకు వచ్చిన ఆ వాపును 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. పెన్సిలిన్ వంటి మందులు రాకముందు అది వచ్చినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. ఇప్పుడు చాలామంది బతుకుతున్నారు గాని, వేళకు ఆసుపత్రి చేరితేనే. పైపంటి చీము కంటివైపు, ఒక్కొక్కసారి మెదడుకు కూడా పాకవచ్చు. 2007లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 12 ఏళ్ళ పిల్లవాడు పంటి చీము మెదడుకు పాకి చనిపోయాడు. 80 డాలర్లతో ఆ పన్ను తీయించి ఉంటే బతికేవాడని అక్కడి పత్రికలు రాశాయి. అంత ధనిక దేశంలోనే అలా జరిగింది.

ఇక వైద్యం. చీము బయటికి పోవాలి, చీముకు మూలమైన చోటు బాగుపడాలి. పన్ను నిలిచేదైతే వేరు లోపల శుభ్రం చేసి నింపుతారు. దానినే రూట్ కెనాల్ అంటాము. నిలవనిదైతే తీసేస్తారు. యాంటీబయాటిక్ ఒక్కటే దీనిని నయం చేయలేదు. జ్వరం, పాకే వాపు ఉన్నప్పుడు అది తోడుగా పనిచేస్తుంది. అందుచేత షాపులో అడిగి రెండు మాత్రలు మింగి ఊరుకోకండి. డాక్టరు రాసిచ్చినవి చెప్పినన్ని రోజులు వాడండి. పెన్సిలిన్ పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

పై పన్ను తీస్తే కళ్ళు పోతాయన్నది ఉత్త అపోహ. బుగ్గ మీద వేడి కాపడం పెట్టకండి. నొప్పి మాత్రను నూరి చిగురు మీద పెడితే చిగురు కాలిపోతుంది. లవంగనూనె కాసేపు ఉపశమనం ఇస్తుందేమో గాని చీమును తీయలేదు. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించవచ్చు.

షుగరు ఉన్నవారు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. గర్భిణులు కూడా వైద్యం చేయించుకోవచ్చు, డాక్టరుకు చెబితే చాలు. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవేగా అని పిల్లల వాపును వదిలేయకండి. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, తన నొప్పి ఎవరికీ చెప్పని అమ్మీలు, ఆపాలు మన ఇళ్ళలో ఎందరో. వారిని మనమే అడగాలి. "రోజాలో ఉన్నాను, ఈద్ అయ్యాక చూద్దాం" అనేవారికి ఒక మాట: జబ్బుపడినవారు ఆ రోజాలను తరువాత తీర్చుకునే వెసులుబాటు మన దీన్‌లోనే ఉంది.

నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా, వాపు కంటికి గాని మెడకు గాని పాకినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. తిన్నగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళండి. ఆ స్థితి రాకముందే చూపించుకోవడానికి కె.జి.హెచ్.లో దంత విభాగం ఉంది. రుషికొండలో గీతం వారి దంత కళాశాల, సంగివలసలో అనిల్ నీరుకొండ దంత కళాశాల ఉన్నాయి.

వుజూలో పుక్కిలించడం, మిస్వాక్ వాడడం మనకు చిన్ననాటి నుంచి ఉన్న మంచి అలవాట్లు. వాటికి తోడు రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోముకోండి. కాని ఒకసారి పుచ్చిన పన్నును ఏ మిస్వాకూ, ఏ పేస్టూ బాగుచేయలేదు.

చివరిగా ఒక్క విన్నపం. విందులోనో, మసీదు మెట్ల మీదో ఎవరైనా "పంటి నొప్పి పోయింది" అని మీతో అంటే, నేను చేసినట్టు ఒక్కసారి చెప్పి ఊరుకోకండి. మర్నాడు మళ్ళీ అడగండి, అవసరమైతే వెంటబెట్టుకుని వెళ్ళండి. సొసైటీ అంటే అదే కదా.