వేలిముద్ర వేసే ముందు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా పొదుపు లెక్కలు, వసూళ్ళు, బకాయిలు విన్నారు. నేను మాట్లాడేది రూపాయల గురించి కాదు, మన ఒంటి గురించి. ఇవ్వాళ అజెండాలో ఏడో అంశం చూడండి. ఒక వైద్య కళాశాల వాళ్ళు మన సభ్యుల్లో షుగరు, రక్తహీనత మీద అధ్యయనం చేస్తామని వచ్చారు. ‘ప్రతి గ్రామ సమాఖ్య నుంచి ఇరవై మందిని పంపాలని తీర్మానించడమైనది’ అని ముందే రాసి పెట్టారు. ఆ వాక్యం మారాలని అడగడానికే లేచాను.

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. పన్నెండేళ్ళ కిందట నేను మా సంఘానికి బుక్‌కీపర్‌ని. ఆరోగ్య సర్వే అని ఎవరో వచ్చారు. కాగితాలు నా చేతికిచ్చి, సభ్యులతో సంతకాలు పెట్టించమన్నారు. నేను చదవలేదు. చదవకుండానే ‘ఏం కాదులే, పెట్టండి’ అన్నాను. రుణం ఇప్పించేదాన్ని నేనే కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. పన్నెండు మంది రక్తం ఇచ్చారు. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది. ప్రతి నెలా సమావేశానికి వచ్చి, ‘నా రక్తంలో ఏముందంట బిడ్డా?’ అని అడిగేది. ఆ వచ్చినవాళ్ళు ఎవరో, ఎక్కడివాళ్ళో నాకే తెలియదు, ఆమెకేం చెప్పను? ఆమె చనిపోయేదాకా నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నేను ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో సభ్యురాలిని. డాక్టర్ల మధ్య నీకేం పని అంటారేమో. ఆ కమిటీలో డాక్టర్లు మాత్రమే ఉండకూడదని నియమం. కనీసం ఏడుగురు ఉండాలి. అందులో న్యాయం తెలిసినవాళ్ళు, సామాజిక సేవలో ఉన్నవాళ్ళు, వైద్య వృత్తిలో లేని మామూలు మనిషి ఒకరు తప్పనిసరి. మహిళ కూడా ఉండాలి. అధ్యక్షులు ఆ ఆసుపత్రికి బయటివారై ఉండాలి. ఆ ‘మామూలు మనిషి’ని నేను. నా పని ఒక్కటే: రోగి కుర్చీలో కూర్చుని ఆ కాగితం చదవడం.

రోగుల మీద ఏ పరిశోధన చేయాలన్నా, మొదలుపెట్టక ముందే ఈ కమిటీ అనుమతి తీసుకోవాలి. అంతా అయ్యాక వచ్చి అనుమతి ఇవ్వమంటే కుదరదు. ఏం చేస్తారు, ఎవరి మీద చేస్తారు, నొప్పి ఎంత, ప్రమాదం ఎంత, లాభం ఎవరికి, డబ్బు ఎవరు పెడుతున్నారు, వివరాలు ఎవరి చేతికి పోతాయి, ఇవన్నీ రాసి ఇవ్వాలి. రోగికి చదివి వినిపించే సమాచార పత్రం, సంతకం తీసుకునే సమ్మతి పత్రం కూడా ముందే చూపించాలి. కమిటీలో ఉన్న డాక్టరే ఆ పరిశోధన చేస్తుంటే, నిర్ణయం తీసుకునేటప్పుడు బయటికి వెళ్ళిపోవాలి. మేం ఒప్పుకోవచ్చు, మార్చి తెమ్మనవచ్చు, వద్దనవచ్చు.

ఒక సంగతి చెప్తాను. ఎవరి అధ్యయనం అన్నది చెప్పను, గోప్యత పత్రం మీద సంతకం పెట్టాను. పీజీ చదివే ఒక డాక్టరమ్మ గర్భిణుల మీద అధ్యయనానికి కాగితాలు తెచ్చింది. పత్రం తెలుగులోనే ఉంది. కానీ ‘సిరల నుండి పది మిల్లీలీటర్ల రక్త నమూనా సేకరించబడును’ అని ఉంది. ‘అమ్మా, పది మిల్లీలీటర్లంటే ఎంత?’ అని అడిగాను. ‘రెండు చిన్న చెంచాలు’ అంది. ‘అదే రాయండి’ అన్నాను. ‘ఎప్పుడైనా మానుకోవచ్చు’ అని ఇంకో చోట ఉంది. ‘మానుకుంటే నా కాన్పు ఇక్కడే చేస్తారా, చేయరా?’ అని అడిగాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. గర్భిణి మనసులో మొదట పుట్టే ప్రశ్న అదే కదా! ఆ రోజు అనుమతి ఇవ్వలేదు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. కానీ తరవాతి సమావేశానికి అన్నీ సరిచేసి తెచ్చింది. ‘మా అమ్మమ్మకి చదివి వినిపించాను మేడమ్, అర్థమైందంది’ అని చెప్పింది. వెంటనే ఒప్పుకున్నాం.

ఇదంతా ఎందుకు అంటారా? మన జిల్లా సంగతే గుర్తు చేస్తాను. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశారు. అది ఒక అధ్యయనంలో భాగం. సుమారు 14,000 మంది పిల్లలు. చాలామంది హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారని వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ చావులకు టీకా కారణమని ప్రభుత్వ విచారణలో తేలలేదు. టీకా మంచిదే, చాలా దేశాల్లో వేస్తున్నారు. దాన్ని చూసి భయపడమని నేను చెప్పడం లేదు.

కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. మన రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. వార్డెన్ మంచిదే కావచ్చు. పిల్లకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే చూసుకుంది. కానీ ఆ పిల్ల ఒంటి మీద సూది వేయడానికి ‘సరే’ అనే హక్కు ఆమెది కాదు.

ఆ లెక్క చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ వార్డెన్లకూ నాకూ తేడా ఏముంది? వాళ్ళు పిల్లల తరఫున సంతకం పెట్టారు. నేను పన్నెండు మంది అక్కల తరఫున మనసులోనే సంతకం పెట్టేశాను.

డబ్బు ఆశ కూడా ఇలాంటిదే. 2011లో పిడుగురాళ్ల వైపు పేద మహిళలను డబ్బిస్తామని హైదరాబాద్ తీసుకెళ్ళి, సరిగా చెప్పకుండానే మందుల పరీక్షల్లో పెట్టారని పత్రికల్లో వచ్చింది. అప్పుల్లో ఉన్న మనిషి ‘వద్దు’ అనలేదు. ఆ సంగతి సంఘాల్లో ఉన్న మనకంటే ఎవరికి తెలుసు?

అందుకే మన తీర్మానం సంగతి. సంఘం తీర్మానం చేస్తే సభ్యురాలు కాదనలేదు. రేపు రుణం అడగాలి, వాయిదా ఆలస్యమైతే లీడర్ ముందు నిలబడాలి. ‘ఇరవై మందిని పంపాలి’ అంటే అది పిలుపు కాదు, టార్గెట్. వసూళ్ళకు టార్గెట్ ఉండొచ్చు. రక్తానికి టార్గెట్ ఉండకూడదు.

అలాగని పరిశోధన వద్దనడం లేదు అక్కా. మనం వేసుకునే ప్రతి మాత్ర వెనక, అంతకుముందు ఎవరో ఒప్పుకుని వేసుకుని చూపించినవాళ్ళున్నారు. మనలో షుగరు ఎంతమందికి ఉందో తెలిస్తే మనకే మేలు. రావాలి, కానీ అడిగి రావాలి. అప్పు పత్రం మీద సంతకానికి ముందు వడ్డీ ఎంత, వాయిదాలెన్ని అని పదిసార్లు అడుగుతాం కదా. ఇక్కడా అంతే. ఈ ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? ఆ కాగితం చూపించండి. మందుల పరీక్ష అయితే, దేశంలో జరిగే అలాంటి పరీక్షలన్నీ సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో నమోదు కావాలి. మన వీఓఏలు ఫోన్‌లోనే చూడొచ్చు.

రెండు, నాకేం చేస్తారు? ఎంత రక్తం, ఎన్నిసార్లు, ఏ మందు?

మూడు, వద్దంటే నాకు వచ్చే వైద్యం ఆగుతుందా? ఆగకూడదు. మధ్యలో మానుకున్నా ఆగకూడదు.

నాలుగు, దీనివల్ల నాకు హాని జరిగితే ఎవరు చూస్తారు? వైద్యం ఉచితంగా చేయించాలి, నష్టపరిహారం ఇవ్వాలి.

ఐదు, నా ఫలితం నాకు చెప్తారా? నా పేరు ఇంకెవరికైనా తెలుస్తుందా?

చదువు రాని అక్కలకు ఇంకో మాట. వేలిముద్ర వేసేటప్పుడు, ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి, మొత్తం చదివి వినిపించాలి. సంతకం చేసిన పత్రం కాపీ ఒకటి మీకివ్వాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలైతే తల్లో తండ్రో ఒప్పుకోవాలి, వయసు తెలిసిన పిల్లను కూడా అడగాలి. ‘ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెప్తాను’ అనే హక్కు అందరికీ ఉంది.

ఆ కళాశాల వాళ్ళతో నిన్న ఫోన్‌లో మాట్లాడాను. అనుమతి పత్రం ఉందన్నారు, పంపుతామన్నారు. ఇరవై మంది అన్న లెక్క వాళ్ళు అడిగింది కాదట, మన ఆఫీసులోనే ఎవరో సౌకర్యం కోసం రాశారట. కాబట్టి మార్చడం మన చేతిలోనే ఉంది.

ఏడో అంశాన్ని ఇలా రాయమని కోరుతున్నాను: ‘అధ్యయనం చేసేవారు గ్రామ సమాఖ్య సమావేశానికి వచ్చి తెలుగులో వివరించవచ్చును. చేరాలా వద్దా అన్నది ఏ సభ్యురాలికి ఆ సభ్యురాలి ఇష్టం. చేరని వారికి రుణాల్లో గానీ, సంఘంలో గానీ ఏ తేడా చూపరాదు. సభ్యురాలి తరఫున లీడరు గానీ, బుక్‌కీపరు గానీ సంతకం చేయరాదు. ఫలితాలు ఎవరివి వారికి చెప్పాలి.’

చివరి వాక్యం మా పెద్దమ్మ కోసం. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. నన్ను చూసి ఎత్తకండి. మీకు సరే అనిపిస్తేనే ఎత్తండి.